బడి కోసం బస: కలకత్తా రెండు వందల ఏళ్ళ కథ

1828 చివరి నెలల్లో ఒక తండ్రి తన ఎనిమిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని బీర్‌సింహ అనే బెంగాల్ పల్లె నుంచి కలకత్తాకు కాలినడకన బయలుదేరాడు. దూరం యాభై మైళ్ళ పైచిలుకు. వెంట ఊరి బడిపంతులు, ఒక పనివాడు ఉన్నారు. పిల్లవాడు అలసినప్పుడు పనివాడు ఎత్తుకునేవాడు. పెద్ద బాట ఎక్కాక దారి పక్కన పాతిన రాళ్ళను చూసి, ఇక్కడ సన్నికల్లు ఎందుకు పాతారని పిల్లవాడు అడిగాడు. తండ్రి నవ్వి, అవి మైలురాళ్ళని చెప్పాడు. 19వ మైలు దగ్గర మొదలుపెట్టి, నగరం చేరేలోపే ఆ పిల్లవాడు రాళ్ళ మీది ఇంగ్లీషు అంకెలన్నీ నేర్చేసుకున్నాడు. పెద్దయ్యాక అతడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడయ్యాడు.

ఈ కథను మనం పిల్లలకు తెలివితేటల కథగా చెబుతాం. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. అసలు ఆ తండ్రి ఎందుకు నడిచాడు? ఊళ్ళో బడి లేక కాదు. బడి ఉంది, పంతులు ఉన్నాడు, పంతులు మంచివాడు కూడా. ఇక్కడ నేర్పగలిగిందంతా నేర్పాను, ఇకమీదట కలకత్తాలో ఇంగ్లీషు చదివించమని సలహా ఇచ్చింది ఆ పంతులే. తన బడి సరిపోదని తానే ఒప్పుకొని, శిష్యుణ్ణి చెయ్యిపట్టుకొని నగరం దాకా దిగబెట్టడానికి వచ్చాడు. ఇటువంటి నిజాయితీ మన విద్యాశాఖల చరిత్రలో తరువాత పెద్దగా కనబడదు.

తండ్రి ఠాకూర్‌దాస్ జీతం నెలకు పది రూపాయలు. పేరున్న హిందూ కళాశాలలో నెల ఫీజు అయిదు రూపాయలు. సగం జీతం ఫీజుకు కట్టి, మిగతా సగం ఇంటికి పంపుతానని ఆయన ఒక దశలో సిద్ధపడ్డాడట. చివరకు 1829 జూన్‌లో పిల్లవాడు చేరింది ఫీజు లేని సంస్కృత కళాశాలలో. బస బడాబజారులో సింహ కుటుంబం వారి ఇంట్లో. తల్లి భగవతీదేవి, తక్కిన పిల్లలు పల్లెలోనే ఉండిపోయారు. అంటే ఒక బడి కోసం ఒక కుటుంబం రెండు ఇళ్ళుగా చీలింది.

బెంగాలీలో దీనికి ముచ్చటైన మాటల జంట ఉంది. నగరంలో అద్దెకో, దయతోనో దొరికిన చోటు ‘బాసా’. పూర్వీకుల ఊళ్ళోని ఇల్లు ‘బాడీ’. మన ‘బస’కూ ఆ ‘బాసా’కూ ఉన్న దగ్గరితనం వేరే చెప్పనక్కరలేదు. కలకత్తాలో ముప్పై ఏళ్ళు కాపురమున్న మనిషి కూడా మీ ఇల్లు ఎక్కడ అంటే జెస్సూరో, బర్ద్వానో, బిక్రమ్‌పూరో చెప్పేవాడు. నగరంలో ఉన్నది బస మాత్రమే. ఆ బస ఎందుకయ్యా అంటే, రెండే కారణాలు: కొలువు, చదువు. కొలువుకు దారి చదువే కాబట్టి, నిజానికి ఒకటే కారణం.

అప్పటి కలకత్తాలో మంచి బడి అంటే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1780లో వారెన్ హేస్టింగ్స్ పెట్టిన మదర్సా ముస్లింలకు. 1817లో నగరంలోని సంపన్నుల చందాలతో మొదలైన హిందూ కళాశాల పేరుకు తగ్గట్టే హిందూ బాలురకు. 1824 నాటి సంస్కృత కళాశాల బ్రాహ్మణ, వైద్య కులాల వారికి. 1851లో కాయస్థులకూ, తరువాత తక్కిన కులాల వారికీ ఆ తలుపు తెరిచింది, మైలురాళ్ళు చదువుతూ వచ్చిన పిల్లవాడే. అప్పటికి అతడు ఆ కళాశాలకు ప్రిన్సిపాల్. కాబట్టి బడికి దగ్గరగా బస దొరికితే చాలదు. ఏ గడప ఎవరిదో ముందే రాసి ఉంది.

ఆ గడపల ముందు పడిగాపులు ఎలా ఉండేవో శివనాథ శాస్త్రి 1904లో రాసిన రామ్‌తను లాహిరి జీవితచరిత్రలో ఉంది. గడియారాల వ్యాపారం వదిలేసి చదువుల వ్యాప్తికి అంకితమైన డేవిడ్ హేర్ పల్లకీలో వెళుతుంటే, ఉచితంగా చేర్చుకొమ్మని బతిమాలుతూ పేద పిల్లలు పక్కన పరుగెత్తేవారు. కృష్ణనగర్ నుంచి పన్నెండేళ్ళ రామ్‌తనును కలకత్తాకు తెచ్చిన అన్న చేతలాలో ఉండేవాడు. చేతలా నగరానికి దక్షిణాన, హేర్ తిరిగే వీధులకు చాలా దూరం. అందుకని హేర్‌తో పరిచయమున్న ఒక పండితుడి ఇంట్లో తమ్ముణ్ణి ఉంచాడు. సుమారు రెండు నెలలు ఆ పిల్లవాడు పల్లకీ వెంట పరుగెత్తాడు. సీటు దొరికింది. ఇవాళ ఏప్రిల్ నెలలో ప్రసిద్ధ పాఠశాలల ప్రహరీ ముందు నిలబడే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నాకు ఆ పల్లకీ గుర్తుకొస్తుంది.

తెలుగువాళ్ళకు ఇది వింతేమీ కాదు. రాజమండ్రిలో, బందరులో వారాలు చేసుకొని చదువుకున్నవారి కథలు మన స్వీయచరిత్రల నిండా ఉన్నాయి. సోమవారం ఒక ఇంట, మంగళవారం ఇంకో ఇంట అన్నం. అక్కడా ఇక్కడా ఒక్కటే సూత్రం: బడి కదలదు, పిల్లవాడు కదలాలి.

డబ్బున్నవారు మాత్రం పిల్లవాడితో పాటు కాపురాన్నే కదిలించగలరు. జెస్సూరు జిల్లా సాగర్‌దాఁడీకి చెందిన వకీలు రాజనారాయణ దత్తు ఖిదిర్‌పూర్‌లో ఇల్లు అమర్చుకొని, కొడుకును అక్కడి నుంచే హిందూ కళాశాలకు పంపాడు. ఆ కొడుకు మైఖేల్ మధుసూదన దత్తు. ఒకే దశాబ్దం తేడాలో ఒకే కళాశాల వీధికి వచ్చిన ఇద్దరు పిల్లలు. ఒకడికి ఖిదిర్‌పూర్ ఇల్లు, ఇంకొకడికి బడాబజారులో పరాయి ఇంటి గది.

తెల్లవాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. వాళ్ళు బడినే కదిలించారు. కలకత్తాలో నడుస్తున్న సెయింట్ పాల్స్ 1864లో డార్జిలింగ్ కొండ మీదికి తరలిపోయింది. చల్లని గాలి, నల్లవాళ్ళకు దూరం, రెండూ ఒకే కొండ మీద దొరికాయి.

ఆడపిల్లల విషయంలో లెక్క తారుమారయింది. పిల్ల బడికి దూరం నడవకూడదు, పరాయి ఇంట ఉండకూడదు. అందుచేత బడే బండి కట్టి ఇంటికి రావలసి వచ్చింది. 1849 మే 7న బెథూన్ తన బాలికల పాఠశాలను ఇరవై ఒక్కమంది పిల్లలతో మొదలుపెట్టినప్పుడు, కూతుళ్ళను పంపిన కొద్దిమందిలో పండితుడు మదనమోహన తర్కాలంకార్ ఒకరు. ఆ బడి బండి మీద, కొడుకుతో సమానంగా కూతురినీ శ్రద్ధగా పెంచి చదివించాలనే భావమున్న సంస్కృత వాక్యాన్ని విద్యాసాగరుడు రాయించాడు. వీధిలో ఆ బండి నడవడమే ఒక రాజకీయ ప్రకటన.

ఆ తరువాత అరవై ఏళ్ళకు, భర్త పోయిన రొకేయా సఖావత్ హుస్సేన్ భాగల్పూర్‌లో అయిదుగురు పిల్లలతో పెట్టిన బడిని కుటుంబ కలహాల వల్ల మూసుకొని కలకత్తాకు వచ్చింది. 1911 మార్చి 16న వలీయుల్లా సందులోని అద్దె ఇంట్లో ఎనిమిది మందితో తిరిగి మొదలుపెట్టింది. ఆమె పాఠశాలను బతికించినదీ, ఆమె ప్రాణాన్ని తోడేసినదీ ఒకటే, బండి. ఘోషా తప్పకూడదని మోటారు బండిని నలువైపులా మూసేస్తే లోపల పిల్లలు ఉక్కపోతకు స్పృహ తప్పేవారు. తెరలు కడితే గాలికి లేస్తున్నాయని పెద్దమనుషులు ఉత్తరాలు రాసేవారు. ఆమె ఈ సంగతిని తన ‘అవరోధ్‌బాసిని’లో నవ్వుతూనే రాసింది. చదివినవాళ్ళకు మాత్రం నవ్వు రాదు. ముస్లిం కుటుంబాలు ఎక్కడ ఉన్నాయో అక్కడికి ఒక మంచి బడి ఎందుకు రాలేదన్న ప్రశ్న అప్పటిది. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చి, పశ్చిమ బెంగాల్ ముస్లింల వెనకబాటును అంకెల్లో చూపినప్పుడు అధికార కూటమికి ఆ పాత ప్రశ్న కొత్తగా తగిలింది. మటియాబురుజు, పార్క్ సర్కస్ పేటల కుటుంబాలు బడి చూసుకొని ఇల్లు మార్చలేవు. అద్దె అడిగేలోపే పేరు అడుగుతారు.

పేరు అడగడం మతంతోనే ఆగదు. 1886లో వెలసిన ఈడెన్ హిందూ హాస్టల్ ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థులకు బస. ఢాకా దగ్గరి శ్యావడాతలి నుంచి ఒక చిన్న దుకాణదారు కొడుకు 1911లో ఆ కళాశాలలో చేరాడు. చిన్నప్పుడే మెరుగైన బడి కోసం సొంత ఊరు వదిలి, ఏడు మైళ్ళ అవతల ఒక వైద్యుడి ఇంట్లో ఉండి చదివినవాడు. ఆ హాస్టల్‌లో పైకులాల విద్యార్థులు అతనితో కలిసి భోంచేయడానికి ఒప్పుకోలేదు. సరస్వతీ పూజ నాడు పుష్పాంజలి సమర్పించబోతే అడ్డుపడ్డారు. ఖగోళ భౌతికశాస్త్రంలో తన పేరిట ఒక సమీకరణాన్ని మిగిల్చిన మేఘనాథ్ సాహా ఇతడే. ఈయనను మళ్ళీ పార్లమెంటులో కలుసుకుందాం.

ఇరవయ్యో శతాబ్దపు దక్షిణ కలకత్తా విస్తరణ గురించి చెప్పవలసింది ఎంతో ఉన్నా, ఇక్కడ ఒక్క మాటతో దాటిపోతాను. 1912లో పని మొదలుపెట్టిన కలకత్తా ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కొత్త వీధులు వేసింది. ఉత్తరాది ఇరుకు సందుల నుంచి వకీళ్ళు, వైద్యులు, అధ్యాపకులు భవానీపూర్‌కూ, బాలీగంజ్‌కూ కదిలారు. వాళ్ళతో పాటు బడులు కదిలాయి, లేదా కొత్తవి పుట్టాయి. ఉత్తరాన గడ్‌పార్ రోడ్డులో పుట్టిన సత్యజిత్ రాయ్ చదివింది బాలీగంజ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో. ప్రభుత్వ పాఠశాలే! నగరంలోని పేరున్న కుటుంబాలు ప్రభుత్వ బడికి పిల్లలను పంపిన కాలం అది. ఆ కాలం ఎలా ముగిసిందన్నదే మిగతా కథ.

1947 తరువాత తూర్పు బెంగాల్ నుంచి జనం వచ్చారు. సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద కాపురాలు వెలిశాయి. జాదవ్‌పూర్ దాపున యుద్ధకాలపు సైనిక శిబిరం పాడుపడి ఉంటే అందులో కొన్ని కుటుంబాలు చొరబడ్డాయి. అదే బిజయ్‌గఢ్. ఆ వెనుకే ఆజాద్‌గఢ్, నేతాజీనగర్ వంటివి. 1950 ముగిసేసరికి నగరం చుట్టూ ఇలాంటి ఆక్రమణ కాలనీలు 149 అని ప్రభుత్వ లెక్క. రాత్రికి రాత్రి వెదురు, దర్మా తడికలతో గుడిసెలు లేచేవి. పగలు జమీందారు గూండాలో, పోలీసులో వచ్చి పీకేవారు. మళ్ళీ లేచేవి.

ఈ కాలనీల చరిత్రను ప్రఫుల్ల చక్రవర్తి ‘ది మార్జినల్ మెన్’ అనే పుస్తకంలో నిష్పాక్షికంగా, కొన్నిచోట్ల నిష్ఠురంగా నమోదు చేశాడు. అందులోనూ, తరువాతి పరిశోధనల్లోనూ నన్ను ఆపేసే అంశం ఒకటుంది. ఆ కాలనీ కమిటీలు నేలను ప్లాట్లుగా విడగొట్టేటప్పుడే బడికని జాగా విడిచిపెట్టాయి. తమకే పట్టా లేదు. పైకప్పు లేదు. బడికి మాత్రం చోటు ఉంది. పగలు పనికి పోయే మనుషులు సాయంత్రం వెదుళ్ళు మోశారు. ఢాకాలోనో, బరిశాల్‌లోనో బడిపంతులుగా చేసి అన్నీ పోగొట్టుకొని వచ్చినవారు, జీతం వస్తుందో రాదో తెలియకుండా పాఠాలు మొదలుపెట్టారు. బిజయ్‌గఢ్‌లో 1950కే ఒక కళాశాల కూడా వెలిసింది.

దీనికి రెండు కారణాలు చెబుతారు. పోయిన భూమికి బదులుగా పిల్లలకు ఇవ్వగలిగిన ఆస్తి చదువొక్కటే అన్నది మొదటిది. రెండోది రాజకీయం. అనుమతి లేని గుడిసెను కూల్చడం తేలిక, పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్న బడిని కూల్చడం కష్టం. 1951లో ఖాళీ చేయించే చట్టం వచ్చినప్పుడు ఈ బడులే కాలనీలకు కోటగోడలయ్యాయి. బడి కోసం ఇల్లు మార్చే నగరంలో, ఇంటిని నిలుపుకోవడానికి బడి కట్టినవారు వీళ్ళు. 1952 తొలి లోక్‌సభకు వాయవ్య కలకత్తా నుంచి స్వతంత్రుడిగా గెలిచి, శరణార్థుల పునరావాసం గురించి పట్టువదలకుండా నిలదీసిన సభ్యుడు మేఘనాథ్ సాహా.

ఈ కాలనీలే కమ్యూనిస్టులకు దక్షిణ కలకత్తాలో కంచుకోటలయ్యాయి. కాలనీ బడిపంతులు, కాలనీ కమిటీ కార్యదర్శి, పార్టీ సభ్యుడు చాలాచోట్ల ఒక్కడే. 1977లో వామపక్ష కూటమి రైటర్స్ భవనంలోకి నడిచి వెళ్ళింది ఈ పంతుళ్ళ భుజాల మీద.

అందుకే 1979 మింగుడుపడదు. కాలనీలు కట్టుకొన్న శరణార్థులలో పైకులాల వారు ఎక్కువ. ఆ తరువాత వచ్చిన నామశూద్రులను, తక్కిన దళితులను శిబిరాల్లో ఉంచి, దండకారణ్యానికీ ఇతర రాష్ట్రాలకూ పంపేశారు. మన కాగజ్‌నగర్ దగ్గరి ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ బెంగాలీ పల్లెలు ఆ చెదరగొట్టుడులో ఏర్పడ్డవే. మిత్రుల ప్రభుత్వం వచ్చిందన్న నమ్మకంతో దండకారణ్యం నుంచి వేలాది మంది 1978లో సుందరవనాల్లోని మరిచ్‌ఝాఁపి దీవికి చేరారు. అక్కడ వాళ్ళు సొంత చేతులతో చేసుకున్న ఏర్పాట్లలో బావులు, వైద్యశాలతో పాటు బడి కూడా ఉంది. సరిగ్గా బిజయ్‌గఢ్ చేసిందే. 1979 జనవరిలో దీవిని దిగ్బంధించారు, మేలో ఖాళీ చేయించారు. ఎందరు చనిపోయారన్నది నేటికీ వివాదమే. బడి కట్టుకొంటే కూల్చరన్న పాత నమ్మకం ఆ దీవిలో పనిచేయలేదు.

ఇక 1980ల నాటి భాషా నిర్ణయం. ప్రాథమిక తరగతుల్లో మాతృభాష ఒక్కటే నేర్పాలని, ఇంగ్లీషు ఆరో తరగతి నుంచి మొదలు కావాలని వామపక్ష ప్రభుత్వం తీర్మానించి, 1983 నుంచి అమలు చేసింది. దీన్ని ఇవాళ వెక్కిరించడం తేలిక. నేను వెక్కిరించను. ఇంట్లో వినని భాషలో మొదటి పాఠం చెబితే పేద పిల్లవాడు బడి మానేస్తాడన్న వాదనలో నిజం ఉంది. అదే ప్రభుత్వం ఎయిడెడ్ పాఠశాలల పంతుళ్ళకు ఖజానా నుంచి సక్రమంగా జీతాలిచ్చింది, ఫీజులు ఎత్తివేసింది. పల్లెల్లో మొదటి తరం పిల్లలు బడికి వచ్చారు. సుకుమార్ సేన్ వంటి భాషా పండితులు ఇంగ్లీషు తీసివేతను వ్యతిరేకిస్తే వారిని ఉన్నత వర్గాల ప్రతినిధులని కొట్టిపారేశారు.

లోపం వేరేచోట ఉంది. ఇంగ్లీషును ప్రభుత్వ బడి నుంచి తీసేశారు కాని, నగరపు కొలువుల నుంచి తీసేయలేదు, కళాశాలల నుంచి తీసేయలేదు, ప్రైవేటు బడుల నుంచి అసలే తీసేయలేదు. దాంతో ఇంగ్లీషు కొనుక్కోవలసిన సరుకైంది. సరుకు ఎక్కడ దొరికితే కొనగలిగినవారు అక్కడికి నడిచారు. 1954లో సతీకాంత గుహ బాలీగంజ్ ప్రాంతంలో స్థాపించిన సౌత్ పాయింట్ పాఠశాల ఆ దశాబ్దంలో పన్నెండు వేలు దాటిన విద్యార్థులతో ప్రపంచంలోనే అతిపెద్ద పాఠశాలగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ పాఠశాల ఎదుగుదలకు దాని సొంత ఘనత ఉంది. దాన్ని ప్రభుత్వ నిర్ణయానికే అంటగట్టడం అన్యాయం. అయినా రెండూ ఒకే నగరంలో, ఒకే కాలంలో జరిగాయి.

మ్యాండెవిల్ గార్డెన్స్ ప్రాంతంలో అరుగుల మీద, చెట్ల నీడన, పిల్లల బడి వదిలేదాకా కూర్చునే తల్లులు కలకత్తాకు ఒక గుర్తు. ఇల్లు దూరం. వెళ్ళి మళ్ళీ రావడానికి వేళ చాలదు. స్వెటర్లు అల్లుతూ, ట్యూషన్ మాస్టర్ల గుణగణాలు బేరీజు వేసుకుంటూ, ఎక్కడ గది అద్దెకు దొరుకుతుందో ఆరా తీస్తూ గడిపేవారు. ‘బాసా’ అన్న మాట అలా మళ్ళీ అవసరమైంది. ఈసారి వచ్చింది జెస్సూరు నుంచి కాదు, బారాసాత్ నుంచో, సోనార్‌పూర్ నుంచో. అద్దె భరించలేనివారికి పూల్ కారు. అరడజను మందిని ఇరికించుకొని తెల్లవారుజామునే బయలుదేరే ఆ బండిని చూస్తే రొకేయా బండి జ్ఞాపకం వస్తుంది.

ప్రభుత్వం తప్పు దిద్దుకోవడానికి ఏళ్ళు పట్టింది. 1990ల ఆరంభంలో అశోక్ మిత్ర కమిషన్, 1998లో పవిత్ర సర్కార్ కమిటీ. 1999లో ఇంగ్లీషు మూడో తరగతికి తిరిగివచ్చింది, 2004లో ఒకటో తరగతికి. ఇంగ్లీషు తిరిగివచ్చింది కాని, వెళ్ళిపోయిన కుటుంబాలు రాలేదు. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లోనే హెచ్చరించిన సంగతి ఇది. ఒక సంస్థ చెడుతున్నప్పుడు దాని నాణ్యతను అందరికంటె ఎక్కువ పట్టించుకొనేవాళ్ళే ముందు బయటికి పోతారు. పంతులు రాకపోతే హెడ్మాస్టరు గది ముందు నిలబడి గొడవ చేయగల తల్లి, కౌన్సిలరుకు ఉత్తరం రాయగల తండ్రి వెళ్ళిపోయాక, మిగిలినవారి ఫిర్యాదు ఎవరికీ వినబడదు. 1950లో బిజయ్‌గఢ్‌కు ఉన్న బలం సరిగ్గా ఇదే. అక్కడి మాజీ ప్లీడరుకూ, మాజీ పంతులుకూ పోవడానికి ఇంకో చోటు లేదు. బడి బాగుండకపోతే వాళ్ళ పిల్లలే చెడిపోతారు. వాళ్ళ మనవల కాలానికి పోవడానికి చోటు దొరికింది.

తెలుగు పాఠకులకు 2019 నవంబరు నాటి జీవో 81 గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం తప్పనిసరి అన్న ఉత్తర్వు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. కలకత్తా తీసేయబోయింది, అమరావతి రుద్దబోయింది. దిశలు ఎదురెదురు. ఆ రోజుల్లో మాధ్యమం మీద టీవీ చర్చల్లో తెలుగు కోసం గొంతు చించుకున్నవారి పిల్లలూ, ఇంగ్లీషు కోసం గొంతు చించుకున్నవారి పిల్లలూ ఒకే రకం ప్రైవేటు బడుల్లో చదువుతున్నారు. నేనూ మినహాయింపు కాదు. మా నాన్న నా ఎనిమిదో తరగతి కోసం పొలం కౌలుకిచ్చి గుంటూరులో రెండు గదుల వాటాలోకి కాపురం మార్చాడు. అమ్మ అయిదేళ్ళు ఆ వాటాను ‘మన ఇల్లు’ అనలేదు, ‘గుంటూరు గది’ అనేది. మా ఊరి ఉన్నత పాఠశాల మేం వచ్చేసిన ఏడాదికి చెడిపోయిందని అనను. మాలాంటి ఇళ్ళు పది లేచిపోయాక బాగుపడలేదని మాత్రం అనగలను.

చట్టం ఈ చిక్కును ఎరగక కాదు. 1964–66 నాటి కొఠారి కమిషన్ ఏ పేటలోని పిల్లలందరూ ఆ పేట బడికే వెళ్ళాలన్నది. కాగితం మీద అందరూ మెచ్చుకున్నారు. 2009 విద్యాహక్కు చట్టం దూరాల లెక్క చెప్పింది, ప్రవేశ పరీక్షలు కూడదన్నది, పొరుగు బడికే వెళ్ళాలని మాత్రం అనలేదు. అమెరికాలో ఇంటి పన్నుతో బడి నడుస్తుంది కాబట్టి మంచి బడి ఉన్న వీధిలో ఇల్లు కొనడమే ప్రవేశ రుసుము. చైనా నగరాల్లోనూ బడి హద్దులో ఉన్న ఫ్లాటుకు వేరే ధర. ఢిల్లీలో 2013 డిసెంబరు మార్గదర్శకాలు ప్రైవేటు నర్సరీ ప్రవేశాలకు నూటికి 70 పాయింట్లు ఇంటి దూరానికే కేటాయించాయి. పాయింట్ల కోసం అద్దె ఒప్పందాలు సృష్టించిన తండ్రులు ఎందరో. మరుసటి ఏడాది హైకోర్టు ఆ పద్ధతిని రద్దు చేసింది. కలకత్తాలో ఇవేవీ లేకుండానే అదే ఫలితం వచ్చింది.

2000 తరువాత నగరం తూర్పుకు, బైపాస్ వైపు జరిగింది. హెరిటేజ్ వంటి కొత్త పాఠశాలలు ఆ దారి వెంటే లేచాయి. వాటి చుట్టూ అపార్టుమెంట్లు. ఇప్పుడు బిల్డరు కరపత్రంలో ఆసుపత్రి, మెట్రో స్టేషన్‌లతో పాటు ఏ పాఠశాల ఎన్ని నిమిషాల దూరమో ఉంటుంది. ఉత్తర కలకత్తాలో శతాబ్దం దాటిన బెంగాలీ మాధ్యమ బడులు విశాలమైన వరండాలతో, గోడల మీద పూర్వ విద్యార్థుల తైలవర్ణ చిత్రాలతో నిలబడి ఉన్నాయి. పిల్లలు లేరు. 2023లో ముప్పై మంది కంటె తక్కువ విద్యార్థులున్న ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల జాబితా బయటికొస్తే రాష్ట్రం మొత్తం మీద ఎనిమిది వేల పైచిలుకు తేలాయి. అంతకు ముందు ఏడాది జూలైలో ఉపాధ్యాయ నియామకాల కుంభకోణం ఆరోపణలపై మాజీ విద్యామంత్రి పార్థ ఛటర్జీ అరెస్టయ్యాడు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు 2016 నాటి నియామకాల రద్దును ఖరారు చేసింది. సుమారు 25,700 కొలువులు పోయాయి. వాటిలో నిజాయితీగా పరీక్ష రాసి వచ్చినవారి కొలువులూ ఉన్నాయి. ధర్మతల్లా దీక్షా శిబిరాల్లో ఏళ్ళ తరబడి కూర్చున్న అభ్యర్థులు ఒకవైపు, ఇప్పుడు కొత్తగా వీధిన పడ్డ పంతుళ్ళు ఇంకోవైపు.

ఆ జాబితాలోని బడులకు ఏటా కాకపోయినా అయిదేళ్ళకు రెండు మూడుసార్లు మాత్రం జనం వస్తారు. గేటుకు నంబరు అంటిస్తారు, బెంచీలు గోడవారకు జరుపుతారు, నల్లబల్ల ముందు అట్టపెట్టె అడ్డుపెట్టి ఓటింగు యంత్రం ఉంచుతారు. పక్క అపార్టుమెంట్ల వాళ్ళు వరుసలో నిలబడి, తమ పిల్లలు ఒక్కరోజు కూడా కూర్చోని ఆ గదిలో ఓటు వేసి, వేలికి సిరాతో బయటికి వస్తారు. బల్ల దగ్గర ఓటర్ల జాబితా ముందు పెట్టుకొని పేర్లు సరిచూస్తున్నది, చాలాచోట్ల, ఇంకో బడి నుంచి డ్యూటీ మీద వచ్చిన ఒక పంతులు.